ఆపరేషన్‌కు ముందు చికిత్స: గడ్డ తగ్గింది సరే, లింఫు గ్రంథుల మాటేమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో క్యాన్సర్, ఛాతీ మధ్య లింఫు గ్రంథులకూ పాకింది, స్టేజ్ 3ఏ అన్నారు. మూడు విడతలు కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ఇచ్చాక గడ్డ 4.6 సెం.మీ. నుంచి 3.2కు వచ్చింది. ఇంతేనా తగ్గింది అని దిగులుగా ఉంది. ఇకపై ఆయుష్షు దేనిమీద ఆధారపడి ఉంటుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: సెంటీమీటర్లు చూసి దిగులు పడకండి. ఆ 3.2లో బతికున్న క్యాన్సర్ ఎంత, చచ్చిన కణజాలం, మచ్చ ఎంత అన్నది సీటీ స్కాన్ విడదీసి చెప్పలేదు. స్కాన్‌లో గడ్డ మిగిలే ఉన్నా, కోసి చూస్తే ఒక్క క్యాన్సర్ కణమూ దొరకని వాళ్లున్నారు. అసలు సంగతి ఆపరేషన్ తర్వాత పాథాలజీ రిపోర్టులో తేలుతుంది.

అందులో ముందు గ్రంథుల వరస చూడండి. 'వైపీఎన్0' అని ఉంటే చికిత్స తర్వాత గ్రంథుల్లో క్యాన్సర్ లేదని అర్థం. మీ నాన్నగారిలాంటి వారికి ఇంతకంటే మంచి సూచన అరుదు. 'వైపీఎన్2' అని వస్తే ఛాతీ మధ్య గ్రంథుల్లో క్యాన్సర్ ఇంకా మిగిలిందని, జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. అయితే ఆ సున్నాను నమ్మాలంటే ఛాతీ మధ్యలో కనీసం మూడు చోట్ల నుంచి, ఊపిరితిత్తి మొదట్లో ఒక చోట నుంచైనా గ్రంథులు తీసి పరీక్షించి ఉండాలి. రెండే తీసి సున్నా అంటే పెద్దగా విలువ లేదు.

తర్వాత, గడ్డలో మిగిలిన క్యాన్సర్ శాతం. 10 లేదా అంతకంటే తక్కువైతే చికిత్స బాగా పనిచేసినట్టే. గడ్డలోనూ గ్రంథుల్లోనూ ఏమీ మిగలకపోతే ఇంకా మేలు. 2022లో వెలువడిన చెక్‌మేట్ 816 అధ్యయనంలో కీమోకు ఇమ్యునోథెరపీ కలిపినప్పుడు 24 శాతం మందికి ఇలా పూర్తిగా పోయింది, కీమో ఒక్కటే ఇస్తే 2.2 శాతం మందికే. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని చెప్పే 'ఆర్0' కూడా ఉండాలి.

ఇక ఆపరేషన్. ఒక లోబ్‌తో సరిపోతుందా, ఊపిరితిత్తి మొత్తం తీయాలా అని సర్జన్‌ను ముందే అడగండి. మొత్తం తీసేది, అందులోనూ కుడివైపుది, ప్రాణాపాయం ఎక్కువున్న ఆపరేషన్. శ్వాసనాళాన్ని కోసి మళ్లీ కలిపి కుట్టే 'స్లీవ్' పద్ధతితో చాలాసార్లు దాన్ని తప్పించవచ్చు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలు, కుడి పై లోబ్‌వి మూడే. ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి ఎంత బాగా పంపుతున్నాయో చెప్పే డీఎల్‌సీఓ పరీక్షలో ఇప్పుడు 70 శాతం ఉందనుకుంటే, ఆ లోబ్ తీశాక 70×16÷19, అంటే సుమారు 59 మిగులుతుంది. 60 లోపు కాబట్టి మెట్లెక్కించి లేదా నడిపించి చూశాకే ముందుకెళ్లడం మంచిది. పొగతాగే అలవాటుంటే ఈరోజే ఆపాలి. బరువు తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. చివరి విడత తర్వాత ఆపరేషన్ ఆరు వారాలు దాటకుండా చూసుకోండి.

పెట్ స్కాన్‌లో కొత్తగా గ్రంథులు వెలిగితే క్యాన్సర్ పాకిందని అప్పుడే నిర్ణయించుకోవద్దు. ఇమ్యునోథెరపీతో వచ్చే వాపు కూడా అలాగే కనిపిస్తుంది. ఈబస్‌తో (శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపి చేసే పరీక్ష) సూది నమూనా తీసి తేల్చుకున్నాకే ఆపరేషన్ మానాలా వద్దా అన్నది.

క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో చూసే పరీక్షలు చేశారో లేదో పాత ఫైల్లో వెతకండి. చేయకపోతే మొదటి బయాప్సీ ముక్క మీదే చేయమనండి. ఈ మార్పులున్నవారికి ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయదు. ఆపరేషన్ తర్వాత వేసుకునే మాత్రలూ వేరు: ఈజీఎఫ్‌ఆర్‌కు ఒసిమెర్టినిబ్ మూడేళ్లు, ఏఎల్‌కేకు అలెక్టినిబ్ రెండేళ్లు.