‘చేయి చేసుకున్నాడు’ అంటే అమెరికా పోలీసులకు అర్థం కాదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి హెచ్-4 వీసా మీద అల్లుడితో అమెరికాలో ఉంటోంది. చేయి చేసుకుంటున్నాడని ఈమధ్యే చెప్పింది. పోలీసులను పిలిస్తే వీసా పోయి ఇండియా వెళ్లాల్సిందేనని బెదిరిస్తున్నాడట. ఇక్కడ కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ముందు వియ్యాలవారికి ఫోన్ చేయకండి. అమ్మాయి ఆ ఇంట్లో ఉండగా ఇక్కడ పెద్దమనుషుల్లో పెడితే, ఆ కోపం రాత్రికి ఆమె మీదే పడుతుంది.

అతని బెదిరింపులో కొంత నిజం ఉంది, అందుకే అది పనిచేస్తోంది. హెచ్-4 భర్త వీసాను పట్టుకుని ఉండేదే, విడాకులైతే పోతుంది. కానీ 911కి (అక్కడి అత్యవసర పోలీసు నంబరు) ఫోన్ చేసినంత మాత్రాన రద్దు కాదు. హింసకు గురైన హెచ్-4 భార్య ఐ-765వి ఫారంతో సొంతంగా పని అనుమతి అడగొచ్చు. భర్త సంతకం అక్కర్లేదు. అది వీసా మాత్రం కాదు. పోలీసులకు సహకరించిన బాధితులకు యు వీసా ఉంది గానీ, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్లు పడుతుంది. అందుకే అక్కడి ఇమిగ్రేషన్ లాయరును ఇప్పుడే కలవమనండి.

మన ఆడపిల్లలు గొంతు నొక్కినా ‘కోప్పడ్డాడు’ అంటారు. ఆ మాట ఇంగ్లిష్‌లో చెబితే అక్కడి పోలీసులు ఏమీ జరగనట్టే రాసుకుంటారు. ఏ తేదీన, దేనితో, ఎక్కడ కొట్టాడో విడమరచి చెప్పాలి. అమెరికా గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233లో దుబాసీని అడగొచ్చు. ఇంగ్లిష్ బాగా వచ్చినా అడగమనండి, ఇలాంటివి అమ్మభాషలోనే బయటికొస్తాయి. దుబాసీగా తెలిసినవాళ్లు మాత్రం వద్దు, కబురు గుంటూరు దాకా వస్తుంది.

ఇక్కడి కేసు సంగతి. ఆమె గుంటూరు వచ్చి ఉంటే, తాత్కాలికంగానైనా సరే, 2005 గృహహింస చట్టం కింద ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో వేయొచ్చు. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 85వ సెక్షన్. అమెరికాలో జరిగిన నేరానికి ఇక్కడ విచారణ జరగాలంటే కేంద్రం అనుమతి కావాలి. ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తుంది.

అతను పంపే విడాకుల కాగితాల మీద లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దు. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరిలో విడాకులు తెచ్చుకున్న ఒకాయన డిక్రీ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని అక్కడి నోటీసును పక్కన పడేయకూడదు.

‘కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉండి రా’ అని టికెట్ కొనిచ్చినా లాయరును అడక్కుండా విమానం ఎక్కనివ్వకండి. ఐ-765వి అమెరికాలో ఉన్నవాళ్లకే.