షుగర్ మాత్ర మలంలో బిళ్ళలాగే కనిపిస్తోంది, మందు ఒంటికి పట్టడం లేదా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు. మా నాన్నకు 62 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ వాడుతున్నారు. ఈమధ్య మలంలో మాత్ర అరక్కుండా కనిపిస్తోందని టెన్షన్ పడుతున్నారు. మాత్రల్లో చెక్కపొడి కలుపుతారని పక్కింటాయన చెప్పడంతో నాలుగు రోజులుగా మందు మానేశారు. ఏం చేయాలి?

జవాబు: వాంతులు, విరేచనాలు లేకపోతే ఆ మాత్ర ఈరోజే మళ్లీ మొదలుపెట్టించమ్మా. మానేసిన రోజులకు కలిపి రెండేసి వేయకూడదు, రాసిన మోతాదే వేయాలి. రేపు పరగడుపున షుగర్ చూపించండి.

మీ నాన్నగారు చూసింది మందు వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ బిళ్ళ. ఎస్‌ఆర్ అంటే మందును నెమ్మదిగా వదిలే రకం. ఈ మాత్రల్లో చాలావాటికి హైప్రోమెల్లోజ్ అనే సెల్యులోజ్ పదార్థం కలుపుతారు. కడుపులో తడి తగలగానే అది సబ్జా గింజ నానినట్టు చుట్టూ జిగురు పొర కడుతుంది. ఆ పొరలోంచి మెట్‌ఫార్మిన్ గంటల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. మందు అయిపోయాక మిగిలిన మెత్తటి ముద్ద కొందరిలో బిళ్ళ ఆకారంలోనే బయటపడుతుంది. అందుకే ఎస్‌ఆర్ మాత్రను నూరి, నమిలి వేసుకోకూడదు. రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగడం కష్టమైతే డాక్టర్‌తో చెప్పండి, వేరే రకం రాస్తారు.

ఇక చెక్కపొడి. అందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. మాత్రల్లో వాడే మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్‌ను ఎక్కువగా కలప గుజ్జు నుంచే తీస్తారు. కానీ ఆమ్లంతో శుద్ధి చేసి, కడిగి, ఆరబెట్టిన తెల్లటి పొడి అది. రంపపు పొట్టు కాదు. మన దేశంలో మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకమైన ఇండియన్ ఫార్మకోపియాలో దానికి ప్రమాణాలున్నాయి. తోటకూర, గోంగూర పీచులో ఉండేదీ సెల్యులోజే. దాన్ని అరిగించే ఎంజైము మనకు లేదు, కాబట్టి అది షుగర్ పెంచదు.

అసలెందుకు కలపాలంటే, థైరాయిడ్ మాత్ర చూడండి. 50 మైక్రోగ్రాముల మాత్రలో ఉండే మందు ఒక మిల్లీగ్రాములో 20వ వంతే. అంత కొంచెం మందు బిళ్ళగా నిలవదు. మిషన్‌లో నొక్కితే గట్టిగా అతుక్కునే పొడి తోడుండాలి. మామూలు మాత్రల్లో క్రాస్‌కార్మెల్లోజ్ సోడియం కూడా వేస్తారు. అది నీరు పీల్చి ఉబ్బి, మాత్రను కడుపులో విడగొడుతుంది. ఇలాంటి పొడులు గాలిలోని తడినీ లాగుతాయి. మన సముద్రతీరపు ఊళ్లలో తేమ ఎక్కువ కదా, మాత్రలన్నీ ముందే విప్పి డబ్బాలో పోసుకోకండి. వేసుకునేటప్పుడే స్ట్రిప్‌లోంచి తీయండి.

షుగర్ అదుపులో ఉంటే మలంలో బిళ్ళ కనిపించినా భయం లేదు. షుగర్ పెరుగుతున్నా, విరేచనాలు పట్టుకున్నా, గతంలో పేగుల ఆపరేషన్ జరిగి ఉన్నా, ఎస్‌ఆర్ కాని మామూలు మాత్ర అరక్కుండా వస్తున్నా స్ట్రిప్ పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.