యుబిక్విటస్ ఎక్కడ వాడాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ పుస్తకంలో ‘యుబిక్విటస్ కంప్యూటింగ్’ అని ఒక పాఠం ఉంది. డిక్షనరీలో చూస్తే ‘సర్వవ్యాప్తమైన’ అని ఇచ్చారు. మా వీధిలో ఇంటింటా డెంగీయే కదా అని ‘డెంగీ ఈజ్ యుబిక్విటస్ హియర్’ అని మా చెల్లికి మెసేజ్ పెడితే వాడు చూసి ఒకటే నవ్వు. తప్పేముంది? అసలు ఈ మాట ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వ్యాకరణం ప్రకారం తప్పేం లేదండీ, కాకపోతే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎటు తిరిగినా అదే ఎదురవుతోందే అనిపించే వాటికి ఈ మాట బాగా నప్పుతుంది. మన ఊళ్ళలో ఫ్లెక్సీలు చూడండి, పుట్టినరోజుకొకటి, పదవొస్తే ఒకటి, మధ్యలో నాయకుడి నిలువెత్తు బొమ్మ, కింద వరసగా పాస్‌పోర్ట్ సైజులో అనుచరులు, బస్టాండు దగ్గర తప్పించుకున్నా మార్కెట్ యార్డు గేటు దగ్గర దొరికిపోతాం. ‘ది యుబిక్విటస్ ఫ్లెక్సీ’ అంటే అందులో కాస్త విసుగు, కాస్త చమత్కారం కూడా వినిపిస్తాయి. జ్వరంతో మంచమెక్కిన వాళ్ళ దగ్గర ఆ చమత్కారం అతకదు. డెంగీకి ‘వైడ్‌స్ప్రెడ్’ చాలు. పట్టపగ్గాల్లేకుండా పెరిగిపోతోంది అనాలంటే ‘ర్యాంపంట్’ ఉంది, లంచాలకీ కల్తీకీ వాడేది ఎక్కువగా అదే.

ఇక పుట్టుక. లాటిన్‌లో ‘ఉబి’ అంటే ఎక్కడ, ‘ఉబిక్వే’ అంటే అంతటా. ఇంగ్లీషులోకి ముందు వచ్చింది ‘యుబిక్విటీ’ అనే నామవాచకం, అదీ 16వ శతాబ్దపు చర్చి తగాదాల్లోంచి. స్వర్గంలో ఉన్న క్రీస్తు శరీరం ఇక్కడ ప్రభు భోజనపు రొట్టెలో ఎలా ఉంటుందని ప్రొటెస్టెంట్లలో వాళ్ళకి వాళ్ళకే పెద్ద గొడవ. ఆయన శరీరం అంతటా ఉంటుందని వాదించిన, జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ అనుచరులకి ‘యుబిక్విటేరియన్లు’ అని పేరు పడింది. మీరడిగిన విశేషణం వాడుకలో స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. అప్పటికి దేవుడి మాట కాస్తా సామాన్ల మాట అయిపోయింది, ఇప్పుడు దేవుడికి ‘ఆమ్నిప్రెజెంట్’ అంటున్నారు.

ఇదే లాటిన్ మాట సైన్యంలోకీ వెళ్ళింది. 1832లో బ్రిటిష్ రాజు నాలుగో విలియం తన ఫిరంగి దళానికీ ఇంజినీర్ల దళానికీ ‘ఉబిక్వే’ అనే నినాదం ఇచ్చాడు, యుద్ధం ఎక్కడ జరిగినా వాళ్ళు ఉంటారు గనక. మన సైన్యంలో ఇంజినీర్ల దళం నినాదం ‘సర్వత్ర’ దానికి సరిగ్గా సరిపోయే మాట. మీ వైపు ఆ దళానికే చెందిన మద్రాస్ శాపర్స్‌లో పనిచేసి వచ్చినవాళ్ళుంటే అడగండి, ఠక్కున చెప్తారు.

మీ అబ్బాయి పాఠం సంగతి: ఆ పేరు పెట్టింది మార్క్ వైజర్, 1988లో, అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాకేంద్రంలో. కంప్యూటర్ బల్ల మీద పెట్టెలా కాకుండా చుట్టూ ఉన్న వస్తువుల్లో కలిసిపోయి, అది ఉందన్న ధ్యాసే మనకి లేకుండా పనిచేయాలన్నది ఆయన ఆలోచన. బయాలజీ వాళ్ళూ ఊరుకోలేదు. మొక్కల్లో, జంతువుల్లో, ఈస్ట్‌లో, ఎక్కడ వెతికినా కనిపిస్తోందని ఒక చిన్న ప్రొటీన్‌కి ‘యుబిక్విటిన్’ అని పేరు పెట్టారు. కణంలో పనికిరాని ప్రొటీన్లకి ఇది వెళ్ళి అతుక్కుంటే అవి ముక్కలు కావడానికి పోతాయి. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

మనుషులకీ వాడొచ్చు, సరదాగా మాత్రమే. ఏ పెళ్ళికెళ్ళినా మొదటి బంతిలో కనిపించే మీ బంధువు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఆయన నిస్సందేహంగా యుబిక్విటస్. ‘మోస్ట్ యుబిక్విటస్’ అనకూడదు, అంతటా ఉన్నదానికి ఇంకా ఎక్కువేంటి అని కొందరు చాదస్తంగా వాదిస్తారు గానీ పత్రికల్లో రాస్తూనే ఉన్నారు, నాకైతే అభ్యంతరం లేదు. పలికేటప్పుడు మాత్రం ‘యు’ మీద కాదు, ‘బి’ మీద నొక్కండి.