సెలవు పెట్టినా అలసట తీరడం లేదంటే

నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చినా సోమవారం ఒళ్లు బరువెక్కుతోందని రాశారు. అక్కడ కూడా రాత్రి పదకొండు దాకా ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూశానన్నారు. మరి సెలవు ఎక్కడిదండీ?

పని వల్ల ఇలా పూర్తిగా అలసిపోవడాన్ని ‘బర్నౌట్’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, అదుపు చేయని పని ఒత్తిడి ఫలితంగా వర్గీకరించింది. కాబట్టి ముందు మారాల్సింది పని తీరు. యోగా సంగతి తరువాత. ఎనిమిది దాటాక ఆ గ్రూపు మోత ఆపేయండి, అత్యవసరమైతే వాళ్లే ఫోను చేస్తారు. పైఅధికారితో ‘పని ఎక్కువైంది’ అనకండి. చేతిలోని పనులన్నీ కాగితం మీద రాసి ముందు పెట్టి, ఏది వాయిదా వేయాలో ఆయననే చెప్పమనండి. నా విషయంలో ఫలించిన ఉపాయం ఇదొక్కటే.

నిద్ర కూడా కరువైతే మాత్రం ఆలస్యం చేయక డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.