టైర్ల షాపు పెడుతున్నావట

ఒరేయ్ చిన్నోడా,

సూర్యాపేట దగ్గర హైవే మీద టైర్ల షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెదనాన్నకి ముందు నువ్వు చెప్పాల్సిన మాట! సరేలే. నా పని నువ్వు అందుకుంటున్నావంటే సంతోషమే, కానీ రాత్రి నిద్రపట్టలేదు.

కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదులు. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడు. ఇవి నీకు తెలిసినవే.

నా టెన్షనంతా గాలి ఒత్తిడి కొలిచే గేజు గురించి. కోదాడలో నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడే. ఒక విదేశీ కారు డోరు దగ్గర స్టిక్కరు మీద 2.3 అని చూశాడు. అది బార్ లెక్క. ఒత్తిడికి బార్ ఒక కొలత, పీఎస్‌ఐ ఇంకో కొలత. మా గేజు పీఎస్‌ఐది. వాడు చుక్క ఎగరగొట్టేసి 23 పెట్టాడు. కావాల్సింది 33. రేడియల్ టైరు ఎప్పుడూ కింద కాస్త ఉబ్బే ఉంటుంది కదా, కంటికి తేడా తెలియలేదు. మే నెల ఎండ, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. గాలి తక్కువైన టైరు పక్కలు నలిగి నలిగి కాగిపోతాయి. నకిరేకల్ దాటాక పేలింది. దేవుడి దయ, కారు డివైడరుకి రాసుకుని ఆగింది. ఓనరు ఆ టైరు తెచ్చి నా ముందు బోర్లించాడు, లోపలి నుంచి గుప్పెడు రబ్బరు పొడి రాలింది. ఆయన ఒక్క మాట అనలేదురా. తిట్టినా బాగుండేది.

బార్‌ని 15తో హెచ్చవేసి, వచ్చినదాంట్లోంచి బార్ అంకెలో సగం తీసెయ్. 2.3 అయితే 34.5, అందులో 1.15 పోతే 33 పైచిలుకు. కేపీఏలో, అంటే కిలోపాస్కల్ లెక్కలో, 230 అని ఉంటే వందతో భాగించు, బార్ వస్తుంది. లారీ డ్రైవరు “ఎనిమిది పెట్టు” అంటే కేజీల లెక్క, చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని. కేజీకి 14.2 పీఎస్‌ఐ, అంటే 114 దాకా. అంకె చెవిన పడగానే పైపు అందుకోకు, ఏ లెక్కో అడుగు. నవ్వితే నవ్వనీ. డిజిటల్ గేజైతే మరీ చూసుకో, వేలు తగిలితే పీఎస్‌ఐ కాస్తా బార్ అయి కూర్చుంటుంది.

లాక్ రింగు, అదే టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే ఇనప రింగు, ఉన్న లారీ చక్రానికి ఇనప బోను లేకుండా గాలి కొట్టావో, నా చేతిలో అయిపోతావు! ఊడిన రింగు తలకి తగిలితే మనిషి మిగలడు నాన్నా. వెల్డింగుకి డబ్బు చాలకపోతే నన్నడుగు, మీ నాన్నని కాదు. కొబ్బరికాయ కొట్టేనాటికి బోను కనపడకపోతే నేను రాను. మీ పెద్దమ్మ ఎటూ వస్తుంది.

మీ పెదనాన్న