ఫోన్ ఇంటర్వ్యూకి ఒక పలక కొనుక్కోండి

"వచ్చే వారం ఫోన్‌లో టెక్నికల్ రౌండ్ ఉంది, నాది తెలుగు మీడియం, ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని అడిగారు. సబ్జెక్ట్ సంగతి మీకే తెలియాలి. అమీర్‌పేటలో చేతులు మారే ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్‌లు మాత్రం పక్కన పెట్టండి. బట్టీ కొట్టినవాళ్ల గొంతు ఫోన్‌లో ఇట్టే తెలిసిపోతుంది, ఊపిరి కూడా తీసుకోరు.

నేను కంపెనీ మారదామని చూస్తున్న రోజుల్లో, హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా మార్కాపురం వెళ్లే బస్సులో ఉండగా ఒక హెచ్‌ఆర్ ఫోన్ చేసింది. ముందు మెయిల్ లేదు, మెసేజ్ లేదు. "ఇప్పుడే ప్యానెల్‌కి కలుపుతున్నాను" అంది. "మేడమ్, బస్సులో ఉన్నాను, మన్ననూరు దాటితే అంతా అడవి, సిగ్నల్ ఉండదు, రేపు సాయంత్రం పెట్టండి" అన్నాను. "పది నిమిషాలే కదా" అంది. నేను వినలేదు. పక్క సీటాయన "వచ్చే ఉద్యోగాన్ని కాలదన్నుకుంటావేంటయ్యా" అని నాకంటే ఎక్కువ టెన్షన్ పడ్డాడు. చివరికి మర్నాడు ఆరింటికి టైమ్ ఇచ్చారు. మీరూ అడగండి, ఇస్తారు. పిలవగానే పరుగెత్తడానికి మనమేమైనా 108 అంబులెన్సా?

మార్కాపురం అంటేనే పలకలు. ఇంట్లో నా చిన్నప్పటి రాతిపలక ఇంకా ఉంది. కాగితాలు తిప్పితే ఆ చప్పుడు అవతలికి వినిపిస్తుంది, చూసి చదువుతున్నాడనుకుంటారు. పలకతో ఆ గొడవ లేదు. ప్రాజెక్ట్ పేరు, అందులో నేను చేసిన పని, నోటీస్ పీరియడ్, అడగాల్సిన జీతం, అంతే రాశాను. వాక్యాలు రాయకండి, కనిపిస్తే చదివేస్తారు. రాసేదేదో ముందే రాసుకోవాలి, మధ్యలో రాస్తే బలపం కీచుమంటుంది.

మిద్దె మీద సిగ్నల్ బాగుంటుంది గానీ గాలి హోరు. అందుకని వెనక గదిలో కిటికీ పక్కన కూర్చున్నాను. కుక్కర్ పెట్టొద్దని అమ్మకి చెప్పాను, మోటార్ వెయ్యకుండా నాన్న కాపలా. ఇంత చేసినా సరిగ్గా ఇంటర్వ్యూ మొదలయ్యాక వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చింది, మైకులో రికార్డింగ్‌తో సహా. నాన్న బయటికి పరుగెత్తి, ఆ మైకు ఆపించడానికి ఐదు కిలోలు కొన్నాడు.

అడిగింది పాత ప్రశ్నే, ఉద్యోగుల డేటాబేస్‌లోంచి రెండో అత్యధిక జీతం తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ. ఎదురుగా కూర్చుంటే మనం ఆలోచిస్తున్నట్టు మొహంలో కనిపిస్తుంది. ఫోన్‌లో ఆగితే "హలో, ఉన్నారా?" అంటారు. అందుకే ఆలోచనంతా పైకే చెప్పాను: ముందు అన్నిటికంటే పెద్ద జీతం తీస్తాను, తర్వాత దానికంటే తక్కువ ఉన్నవాటిలో మళ్లీ పెద్దది తీస్తాను అని. ఇంగ్లీషు ముక్కలుముక్కలుగానే వచ్చింది. అయినా దారి తెలిస్తే వాళ్లకి చాలు, తెలుగు మీడియం బెంగ సగం అక్కడే తీరిపోతుంది. మనం చెప్పాక అవతల నిశ్శబ్దంగా ఉంటే చాలాసార్లు నోట్స్ రాసుకుంటున్నారని అర్థం. కంగారుపడి చెప్పిందే మళ్లీ చెప్పకండి.

ఇప్పుడు ఇంటర్వ్యూలు నేనే తీసుకుంటున్నాను. పక్కన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకునేవాళ్లకి చెప్తున్నా, గుసగుసలు వినిపిస్తాయి నాయనా. ప్రశ్న అడగగానే కీబోర్డ్ టకటకలు కూడా.

స్పీకర్ పెట్టొద్దు, వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. కాల్ వెయిటింగ్ ఆపేయండి. 140తో మొదలయ్యే ప్రచారం కాల్స్ వదిలేసినా, ఈ వారం మిగతా తెలియని నంబర్లన్నీ ఎత్తండి, ట్రూకాలర్ ఎర్రగా చూపించినా సరే.

జీతం ఎంత కావాలంటే పలక మీది అంకె చెప్పి ఆగిపోండి. అవతలివాళ్లు నోరు తెరవకముందే "నెగోషియబుల్ సార్" అని తోక తగిలించేవాళ్లే ఎక్కువ. బేరం ఆడాల్సింది వాళ్లు, మీరు కాదు.