ఎక్లిప్స్ తెరవకుండా టెస్టులు రన్ చేయడం ఎలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఈసీఈలో బీటెక్ పూర్తయ్యాక అమీర్‌పేటలో సెలీనియం (బ్రౌజర్‌ను తనంతట తానే నడిపి వెబ్‌సైట్లను పరీక్షించే టూల్), జావా, టెస్ట్‌ఎన్‌జీ (జావాలో టెస్టులు రాయడానికి వాడేది) కోర్సు చేశాను. ఎక్లిప్స్ అనే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లోనే టెస్టులు రన్ చేసేవాణ్ని. ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు బాగానే వివరించాను. చివర్లో "ఎక్లిప్స్ తెరవకుండా కమాండ్ లైన్ నుంచి ఈ టెస్టులు రన్ చేసి చూపించండి" అన్నారు. చేయలేకపోయాను. టెస్టింగ్ వదిలేసి డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలోకి పంపి నడిపే పని) కోర్సులో చేరమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే ఇంకో కోర్సుకు ఫీజు కట్టకండి. మీకు సెలీనియం రాక ఆ ఇంటర్వ్యూ పోలేదు. కోర్సులో టెస్టులు రాయడం నేర్పారు, అవి కంపెనీలో ఎక్కడ నడుస్తాయో చూపించలేదు. ఆ లోటు తీరడానికి మీ దగ్గరున్న ప్రాజెక్టే చాలు.

ఉద్యోగంలో ఎక్లిప్స్‌లో రైట్ క్లిక్ కొట్టి రన్ చేసేది టెస్టు రాస్తున్నప్పుడు మాత్రమే. ఆ తర్వాత డెవలపర్ కోడ్‌ను గిట్‌లోకి (కోడ్ మార్పులను దాచిపెట్టే వ్యవస్థ) పంపిన ప్రతిసారీ, లేదా రోజూ అర్ధరాత్రి, జెన్‌కిన్స్ లాంటి సర్వర్ ఆ టెస్టులను తనంతట తానే నడుపుతుంది. అక్కడ ఎక్లిప్స్ ఉండదు, చాలాసార్లు స్క్రీనే ఉండదు. ఆ సర్వర్‌కు మనం ఇవ్వగలిగింది ఒక కమాండ్. అందుకే ఆ ప్రశ్న అడిగారు.

మీ ల్యాప్‌టాప్‌లో మావెన్ (జావా ప్రాజెక్టును బిల్డ్ చేసి టెస్టులు నడిపే టూల్) ఇన్‌స్టాల్ చేయండి. జావా హోమ్, పాత్ సెట్ చేసుకుని, మీ ప్రాజెక్టులో పామ్ ఫైల్ (pom.xml, మావెన్ సెట్టింగులుండే ఫైల్) ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎంవీఎన్ టెస్ట్ (mvn test) అని కొట్టండి. మొదటిసారే అంతా సాఫీగా నడవకపోవచ్చు, టెన్షన్ పడకండి. జార్ ఫైళ్లను (సెలీనియం లాంటి లైబ్రరీల ఫైళ్లు) ఎక్లిప్స్ బిల్డ్ పాత్‌లో చేత్తో కలిపి ఉంటే మావెన్‌కు అవి కనబడవు. వాటిని పామ్ ఫైల్‌లో డిపెండెన్సీలుగా రాయాలి. క్రోమ్‌డ్రైవర్ (సెలీనియం క్రోమ్‌ను నడపడానికి వాడే ఫైల్) ఫలానా డ్రైవ్‌లో ఉందని కోడ్‌లోనే రాసి ఉంటే ఆ లైన్ తీసేయండి. సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ సరైన డ్రైవర్‌ను తానే తెచ్చుకుంటుంది.

మూడో చిక్కు అసలైనది, ఎందుకంటే ఇది ఎర్రర్ చూపించదు. మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్, మామూలుగా పేరు టెస్ట్ అనే మాటతో మొదలయ్యే, లేదా టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అనే మాటలతో ముగిసే క్లాసులనే వెతుకుతుంది. మీ క్లాస్ పేరు లాగిన్‌చెక్ అయితే ఎక్లిప్స్‌లో చక్కగా నడుస్తుంది. మావెన్ మాత్రం దాన్ని పట్టించుకోకుండా బిల్డ్ సక్సెస్ అని చూపిస్తుంది. కాబట్టి ఆ మాట ఒక్కటే చూసి ఆగకండి, ఎన్ని టెస్టులు నడిచాయో ఉన్న లైన్ కూడా చదవండి.

ఇక ఎగ్జిట్ కోడ్. చాలామంది ఫ్రెషర్లు దీని పేరు కూడా వినకుండానే ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. ప్రతి కమాండ్ ముగిసేటప్పుడు ఒక అంకెను మిగిల్చి వెళ్తుంది. సున్నా అయితే అంతా సవ్యం, ఇంకే అంకె అయినా తేడా ఉన్నట్టు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎకో అని, దాని పక్కన రెండు శాతం గుర్తుల మధ్య ఎర్రర్‌లెవెల్ అని కొడితే ఆ అంకె కనిపిస్తుంది. లినక్స్‌లో అయితే ఎకో పక్కన డాలర్ గుర్తు, ప్రశ్నార్థకం. బిల్డ్‌ను ముందుకు పంపాలా, అక్కడే ఆపాలా అని జెన్‌కిన్స్ నిర్ణయించేది ప్రధానంగా ఈ అంకెను బట్టే.

ఇప్పుడు మీ కోడ్ ఒకసారి చూసుకోండి. టెస్టు మొత్తాన్ని ట్రై క్యాచ్‌లో (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్) పెట్టి, ఎర్రర్‌ను ప్రింట్ చేసి వదిలేశారా? అలా చేస్తే లాగిన్ పేజీ పూర్తిగా పాడైపోయినా టెస్టు పాసైనట్టే లెక్క. ఎగ్జిట్ కోడ్ సున్నా వస్తుంది, పాడైన సాఫ్ట్‌వేర్ కస్టమర్ దాకా వెళ్తుంది. ఈ అలవాటును ఈ రోజే మానేయండి. ఫెయిల్ కావాల్సిన చోట టెస్టు ఫెయిల్ కావాలి.

ఇది కుదిరాక ఒక్క క్లాసునే ఎంచుకుని నడపడం చూడండి. ఎంవీఎన్ టెస్ట్ పక్కన హైఫన్, క్యాపిటల్ డి, వెంటనే టెస్ట్, ఈక్వల్ గుర్తు, క్లాస్ పేరు. ఆ తర్వాత క్రోమ్‌ను హెడ్‌లెస్‌గా, అంటే విండో కనబడకుండా నడపండి. రిపోర్టులు టార్గెట్ ఫోల్డర్ లోపల ష్యూర్‌ఫైర్ రిపోర్ట్స్‌లో ఉంటాయి. తీరికగా చేసినా ఇదంతా రెండు వారాల పనే.

మీ అన్నయ్య మాటలో కొంత నిజం ఉంది. గిట్, లినక్స్, జెన్‌కిన్స్ తెలిసినవాళ్లకు మంచి గిరాకీ ఉంది. అయితే కంపెనీ నడిచే సర్వర్లను అనుభవం లేనివాళ్ల చేతికి అంత త్వరగా ఇవ్వరు. అదే టెస్టర్‌గా చేరితే రోజూ ఆ పనిముట్లతోనే మీ పని, రెండు మూడేళ్ల తర్వాత అటు మారాలనిపిస్తే దారి తెరిచే ఉంటుంది. జెన్‌కిన్స్ ఉచితం. గిట్‌హబ్ (కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచుకునే సైట్) ఇచ్చే యాక్షన్స్ కూడా జెన్‌కిన్స్ లాంటిదే, పబ్లిక్ ప్రాజెక్టులకు ఉచితమే.

ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టి, కోడ్ పంపిన ప్రతిసారీ టెస్టులు నడిచేలా యాక్షన్స్ సెట్ చేయండి. రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి వివరించే ఫైల్) మొదటి లైన్‌గా రన్ చేసే కమాండ్ రాసి, ఆ లింకును రెజ్యూమేలో మీ పేరు కిందే ఇవ్వండి. వచ్చే ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమంటే, ఒక టెస్టును కావాలనే ఫెయిల్ చేసి ఎగ్జిట్ కోడ్ చూపించండి, తర్వాత సరిచేసి మళ్లీ నడపండి. ఈలోగా కోర్సు ఫీజు అడ్వాన్స్ కట్టి ఉంటే, క్లాసులు మొదలవకముందే వెనక్కి అడగండి.